డాబా మీద పరిగెత్తితే పరుగు కాదా?

మహారాజశ్రీ వర్చువల్ పరుగు పందేల నిర్వాహకుల దివ్య సముఖానికి,

ఎవరున్నచోట వాళ్లు పరిగెత్తి లెక్క పంపే మీ వెయ్యి కిలోమీటర్ల సవాలుకు గడువు ముగిసే వేళ తమరు పంపిన తాఖీదు అందింది. జీపీఎస్ మ్యాప్ జతచేయని పరుగులు లెక్కలోకి రావనీ, ఇంటి ఆవరణలో వేసిన చుట్లను పరిశీలించలేమనీ సెలవిచ్చారు. తమ నిష్పాక్షికతకు దండం. కానీ ఈ సవాలు పుట్టిందే కరోనాతో రోడ్లు మూతపడ్డాయని కదండీ! 2020 మార్చి 25 నుంచి దేశం దేశమే ఇంట్లో కూర్చుంది. లాక్‌డౌన్ సడలాక కూడా, వీధి మొదట్లో వెదురు కర్రలు అడ్డం కట్టి కంటైన్‌మెంట్ జోన్ అన్నచోట, 14 రోజులు కదలొద్దని గేటుకు కాగితం అంటించినచోట, మ్యాప్ మీద గీత పడాలంటే గోడ దూకడం తప్ప దారేది? రోజుకు 8 కిలోమీటర్ల చొప్పున ఆ 14 రోజులకు 112 కిలోమీటర్లు. బుద్ధిగా డాబా మీద తిరిగినవాడికి ఆ 112కూ సున్నా. మాస్కు గడ్డం కిందికి లాగి ఊరంతా చుట్టినవాడికి పతకం. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే.

ఉపగ్రహం 20,000 కిలోమీటర్ల పైనుంచి చూస్తుంది, అది అబద్ధమాడదని మీ నమ్మకం. అబద్ధమాడదు నిజమే, తడబడుతుంది. అడ్డేదీ లేని ఆకాశం కింద కూడా ఫోన్‌లోని జీపీఎస్ ఐదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. రోడ్డు మీద ఆ తేడా కనబడదు. 25 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న డాబా మీద మాత్రం పలక మీద పసిపిల్లాడి పిచ్చిగీతలే మిగులుతాయి. పైన శ్లాబున్న బాల్కనీలోనో, వరండాలోనో సిగ్నలే సరిగా అందదు. కొలిచే కుంచానికి చిల్లుంటే వడ్లనెందుకు తిట్టడం? అదే డాబా చుట్టూ ఒక చుట్టు 80 మీటర్లు, వంద చుట్లు 8 కిలోమీటర్లు. ఈ లెక్కకు ఉపగ్రహం అక్కర్లేదు, టేపూ పెన్సిలూ చాలు. ఇంట్లో పరుగు తేలిక, రోడ్డుతో సాటి రాదు అంటారా? వెయ్యి కిలోమీటర్లంటే ఆ డాబా మీద 12,500 చుట్లు, చుట్టుకు నాలుగు మలుపుల చొప్పున 50,000 మలుపులు. ఏది తేలికో మోకాళ్లను అడగండి.

లోకంలో ఎక్కడా లేని సడలింపు అడగడం లేదు. అమెరికాలో బార్క్‌లీ మారథాన్స్ అనే అడవి పరుగు పందేన్ని నడిపిన లాజరస్ లేక్ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. అడవిలో పుస్తకాలు దాచి, పరుగరి తన నంబరున్న పేజీ చింపి తెస్తేనే అక్కడిదాకా వెళ్లినట్టు ఒప్పుకునేవాడు. అంతటివాడు 2020 మే 1 నుంచి ఆగస్టు 31 వరకు టెన్నెసీ రాష్ట్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటే వెయ్యి కిలోమీటర్ల వర్చువల్ పందెం పెడితే 19,000 మందికి పైగా చేరారు. ఎవరి మైళ్లు వాళ్లే రాసుకున్నారు. మన కేంద్ర క్రీడా శాఖ అదే ఏడాది ఆగస్టు 15 నుంచి అక్టోబర్ 2 దాకా జరిపిన ఫిట్ ఇండియా ఫ్రీడమ్ రన్‌లోనూ ఎక్కడైనా, ఎప్పుడైనా పరిగెత్తమన్నారు, కిలోమీటర్లు చేత్తో లెక్కపెట్టుకున్నా సరేనన్నారు. ఢిల్లీలో సర్కారు నమ్మిన పౌరుణ్ని మీరు నమ్మరు!

మాట మీద వదిలేస్తే దొంగలెక్కలు రాస్తారన్నదే కదా మీ భయం. రాస్తారు, కొందరు తప్పకుండా రాస్తారు. మరి మ్యాప్ ఆపుతుందా? ఫోను జేబులో వేసుకుని స్కూటీ మీద నెమ్మదిగా పోతే చక్కటి గీత పడుతుంది. మీ నియమం దొంగకు అడ్డం కాదు, బండి లేని నిజాయితీపరుడికే అడ్డం. పైగా ఇక్కడ నగదు బహుమతి లేదు, ఒకరి స్థానం ఒకరు లాక్కునేదీ లేదు. పతకం ఖరీదు ప్రవేశ రుసుములో ముందే కట్టించుకున్నారు. పరిగెత్తకుండా దాన్ని మెడలో వేసుకున్నవాడు మోసం చేసేది తన అద్దాన్నే. నియమాలు మొదటే ఒప్పుకున్నారు కదా అనొచ్చు. ఒప్పుకున్నది పరిగెత్తడానికి, క్వారంటైన్ తెంచుకుని పారిపోవడానికి కాదు. అయినా ఆ షరతు మొదటి రోజే పెద్ద అక్షరాల్లో వేస్తే ఎందరు డబ్బు కట్టేవారో మీకూ తెలుసు.

అన్నట్టు, నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగేవాణ్ని మీ యాప్ హిమాలయాల్లో నిలబెడుతుందట. ఆ బొమ్మ కొండలెక్కామని మీరు చెబితే మేము నమ్మాలి, డాబా ఎక్కామని మేము చెబితే మీరు నమ్మరు. సరే, అదీ ఓర్చుకుంటాం. రెండు వారాలు ఇంట్లోనే ఒంటరిగా గడిపిన మనిషికి పతకమంటే ఇనుప బిళ్ల కాదండీ, ఆ రోజులు వృథా పోలేదనే ఒక్క గుర్తు. ఫారంలో ఇంకో గడి పెట్టండి: 'ఇంటి ఆవరణలో, నా మాట మీద.' ఎదురుగా ఒక సంతకం చాలు. దయచేసి గడువులోపు ఆ గడి తెరవండి.

ఇట్లు,
గడప దాటని ఒక పరుగరి