ఏటమ్మా ఆ కంపు? పక్కింటిదే!

ఇంట్లో కంపు పుట్టినప్పుడు ఏం చెయ్యాలో మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. మొదట, రాలేదనాలి. "నాకేటీ రావట్లేదే, అన్నీ నీకే వస్తాయి" అని పేపరు చాటు నుంచి ఇంటి పెద్ద తీర్పు చెప్పేస్తాడు. అప్పటికీ ఆగకపోతే పక్కింటి మీదకు తోసెయ్యాలి: వాళ్లు ఎండుచేపలు వేయించారు, వాళ్ల కాలవ పొంగింది. అదీ కుదరకపోతే నాలుగు అగరొత్తులు వెలిగించాలి. మరీ తప్పకపోతే మందు కొట్టేవాణ్ణి పిలవాలి. బీరువా జరిపి వెనక చూడటమనే పద్ధతి కూడా ఒకటుందిగానీ, పెద్దలు దాన్ని ప్రోత్సహించరు. బీరువా వెనక దొరికే ఎలక మన ఎలకే అవుతుంది కదా!

ఈ సంప్రదాయాన్ని ఇంటి గడప దాటించి, వెయ్యి ఎకరాల ప్రాంగణంలో అమలు చేసి చూపించిన ఘనత అచ్యుతాపురం పారిశ్రామికవాడది.

2022 జూన్ 3న అక్కడి బ్రాండిక్స్ అపారెల్ సిటీలో, సీడ్స్ దుస్తుల కంపెనీలో కుట్టుమిషన్ల ముందున్న ఆడవాళ్లకు ఘాటైన వాసన వచ్చింది. తలనొప్పి, వాంతులు, కళ్ల మంటలు. సుమారు 200 మంది ఆసుపత్రుల పాలయ్యారు. అమోనియా అయ్యుంటుందన్నారు. వేళ్లన్నీ చుట్టుపక్కలున్న పోరస్ లేబొరేటరీస్ వైపు తిరిగాయి. ఆ ఏప్రిల్‌లోనే ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెంలో అదే సంస్థ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి కార్మికులు చనిపోయారు. అప్పటికే పేరు చెడిన పొరుగువాడి కంటే అనువైన పొరుగువాడు ఎక్కడ దొరుకుతాడు? పోరస్‌ను మూసేయమన్నారు. శాంపిళ్లు తీశారు, ల్యాబులకు పంపారు. కుట్టుమిషన్లు మళ్లీ తిరిగాయి.

ఆగస్టు 2న అదే ప్రాంగణం, అదే కంపెనీ, అవే వాంతులు. ఈసారి వంద మందికి పైగా పడిపోయారు. అప్పుడు నాటి మంత్రి గుడివాడ అమర్‌నాథ్ జూన్ నెల శాంపిళ్ల సంగతి బయటపెట్టారు: వాటిలో క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఆనవాళ్లు దొరికాయట. దర్యాప్తు తేలేదాకా కంపెనీని మూసేయమని ఆదేశం వచ్చింది. రెండు నెలలు పొరుగువాడి పొగగొట్టాల వైపు చూసిన కళ్లు అలా సొంత గది లోపలికి తిరిగాయి. అది కూడా రెండోసారి ఆడవాళ్లు స్ట్రెచర్లెక్కాక!

క్లోర్‌పైరిఫాస్ కొత్త వింతేమీ కాదు. పొలంలో పురుగుకు, ఇళ్లలో చెదకు కొట్టే మందే. పురుగు నరాలను పనిచెయ్యనివ్వకుండా చంపుతుంది. మోతాదు మించితే మనిషి నరాలనూ వదలదు. తలనొప్పి, వాంతులు, కళ్ల నీళ్లతో మొదలెడుతుంది. ఇళ్లలో దీని వాడకాన్ని దాదాపుగా ఆపెయ్యాలని అమెరికా 2000లోనే నిర్ణయించింది. మనకు మాత్రం మందు ఘాటుగా ఉంటేనే పనిచేసినట్టు లెక్క. "కంపు కొట్టకపోతే కల్తీ మందేమో" అనే వినియోగదారులం మనం. తలుపులన్నీ మూసి, ఏసీ వేసుకుని, ఆ ఘాటులోనే కూర్చుని, కంపెక్కడిదా అని కిటికీలోంచి ఎదురిల్లు చూస్తాం.

ఇక "నాకేటీ రావట్లేదే" శాఖ సంగతి. ముక్కుకు ఒక బలహీనత ఉంది. ఒకే వాసనలో కాసేపు కూర్చుంటే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కుళ్లిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే మరీ ఘోరం: గాఢత పెరిగితే వాసన చూసే శక్తినే చంపేస్తుంది. అంటే వాసన పోయిందంటే ప్రమాదం పోయినట్టు కాదు, పెరిగినట్టూ కావచ్చు. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాన్లన్నీ తిప్పి, గంట తర్వాత లోపలికొచ్చి "అంతా అదుపులోనే ఉంది" అని చెప్పే ముక్కుకు ఎంత విలువివ్వాలో మీరే లెక్కేసుకోండి. వంటగ్యాస్‌కు సొంత వాసన లేదని, లీకైతే తెలియాలని, పనిగట్టుకుని కంపు కలిపి మరీ సిలిండర్ పంపుతున్నారు. కంపును హెచ్చరికగా వాడుకోవాలన్న తెలివి సిలిండర్ దగ్గర ఉంది. కుట్టుమిషన్ల షెడ్డు దగ్గరికొచ్చేసరికి అదే కంపు ఆడవాళ్ల అనుమానమైపోతుంది.

నిజానికి కంపు జాడ తియ్యడం బ్రహ్మవిద్యేం కాదు. బయటికెళ్లి గాలి పీల్చి మళ్లీ రావాలి. ఏసీ వేసినప్పుడే వస్తోందా, ఆపినా వస్తోందా చూడాలి. వాడని బాత్రూములో జాలీ కింద నీళ్లు ఎండిపోతే మురుగు వాయువు పైకొస్తుంది. చెంబెడు నీళ్లతో తీరిపోతుంది. స్విచ్‌బోర్డు దగ్గర చేపల వాసనొస్తే కూర తప్పు కాదు, వైరు కాలుతోంది. అగరొత్తి వీటిలో దేన్నీ పోగొట్టదు, తన పొగను కలుపుతుందంతే. అన్నిటికంటే ముందు, మొదట వాసన పట్టిన మనిషిని అడగాలి: ఎప్పుడు, ఎక్కడ, ఏం కొట్టాక?

ఈ చివరి ప్రశ్నే మనకు గిట్టదు. హెచ్చరిక వినడమే కాదు, హెచ్చరించడమూ గిట్టదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ లీకై 12 మందిని బలిగొన్నప్పుడు, సైరన్ మోగించే ఏర్పాటు 36 చోట్ల ఉన్నా మోగించలేదని ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీయే తేల్చింది. ఆ రాత్రి వెంకటాపురానికి జనం ముక్కులే సైరన్లు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోనే ఎసెన్షియా ఫ్యాక్టరీలో ద్రావకం ఆవిరై పేలి 17 మంది పోయారు. అయినా ప్రతిసారీ మనం కమిటీ వేస్తాం, పరిహారం ప్రకటిస్తాం, మరుసటి షిఫ్టు మొదలెడతాం.

కాబట్టి అధికారులకు ఒక మనవి. ల్యాబు ఫలితం వచ్చిన రోజే, తెలుగులో, ఆ షెడ్డు గుమ్మం దగ్గరే అంటించండి. మందు కొట్టిన రోజు ఏ మందు కొట్టారో, ఎన్ని గంటల తర్వాత లోపలికి రావాలో దాని పక్కనే రాయండి. "వాసనొస్తోంది" అన్న అమ్మాయికి జీతం కొయ్యకుండా బయటికెళ్లే హక్కివ్వండి. ఇందుకు కొత్త కమిటీ అక్కర్లేదు. బీరువా జరిపితే చాలు.