సింపుల్‌గానే చేశానండీ!

డాలస్‌లో వేసవి రాత్రి ఎనిమిదంటే తెనాలిలో మర్నాటి పొద్దున ఆరున్నర. ఇక్కడ ఇంకా పాలు పొంగవు, డికాక్షన్ చుక్కచుక్కగా దిగుతూ ఉంటుంది. సరిగ్గా ఆ వేళకి ఇంటివాళ్ల గ్రూపులో డాలస్ అమ్మాయి ఫోటో వచ్చి ఫోన్ టింగుమంటుంది. ఇత్తడి పళ్లెం. దాని కొలతకి కత్తిరించిన అరిటాకు. ఆకు మీద నూనె తేలిన గుత్తివంకాయ కూర, ముద్దపప్పు, బీరకాయ పచ్చడి, గుమ్మడి వడియాలు, వెండి గిన్నెలో చారు, అన్నం మీద గుంట చేసి పోసిన నెయ్యి. కింద ఒక్క ముక్క: "ఈ రోజు మా డిన్నర్. ఏదో సింపుల్‌గా చేసేశా!"

పెద్దమ్మ "నోరూరుతోందే తల్లీ" అంటుంది. పిన్ని "మాకు పార్సిల్ లేదా?" అంటుంది. బాబాయి మాటల మనిషి కాదు, వరసగా మూడు చప్పట్లు పెడతాడు. అత్తగారు మాత్రం కళ్లజోడు తగిలించుకుని, రెండు వేళ్లతో ఫోటోని సాగదీసి, వంకాయల్ని ఒక్కొక్కటిగా తనిఖీ చేసి, "తొడిమలు తీసేశావేంటమ్మా?" అని అడుగుతుంది.

ఈ మొత్తం వ్యవహారంలో మర్యాదగా మాట్లాడింది అత్తగారొక్కతే అని నా అభిప్రాయం. ఆవిడ కూర గురించి అడిగింది. మిగతావాళ్లంతా ఆ "సింపుల్" అన్న మాటకి తలూపి వెళ్లిపోయారు.

గుత్తివంకాయ సింపులా? పుచ్చు లేని లేత కాయలు ఏరాలి. కాయ విడిపోకుండా నాలుగు పక్షాలుగా చీల్చాలి, నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేయాలి. పల్లీలు వేయించి పొట్టు ఊదాలి. ధనియాలు, నువ్వులు, ఎండుమిర్చి, ఎండుకొబ్బరి విడివిడిగా వేయించాలి, ఎందుకంటే నువ్వులు చిటపటలాడేసరికి ధనియాలకి ఇంకా వేడే ఎక్కదు. అన్నీ చల్లారేదాకా ఆగాలి. వేడి మీద తిప్పితే పొడి కాదు, ముద్దవుతుంది. చింతపండు గుజ్జు తీయాలి, కలపాలి, కాయ విరగకుండా కూరాలి. తర్వాత సన్న సెగ మీద మూత పెట్టి, మాటిమాటికీ మూత తీసి, ఒక్కో కాయనీ పక్కకి దొర్లిస్తూ కాపలా కాయాలి. ఇదంతా ఆఫీసు నుంచి వచ్చి, పిల్లాడి హోంవర్కు చూసి, మధ్యలో మీటింగు కాల్‌కి మ్యూట్‌లో హాజరై చేసింది ఆ పిల్ల. ఇంత చేసి "ఏదో సింపుల్‌గా" అంటే, దానికన్నా చెయ్యి నొప్పెట్టిందని ఏడ్చినా బాగుండేది.

ఈ వినయం మనకి పాత రోగమే. ముప్ఫై రకాలు వడ్డించి "ఏమీ చెయ్యలేకపోయాం, ఏమనుకోకండి" అనే జాతి మనది. కాకపోతే అప్పుడు ఆ మాట విన్నవాడు విస్తరి ముందు కూర్చుని ఉండేవాడు. తిని, త్రేన్చి, "ఇంకా ఏం చెయ్యాలమ్మా" అని లెక్క సరిచేసి లేచేవాడు. ఇప్పుడు చూసేవాళ్లకి ముద్ద లేదు, వినయం ఒక్కటే వడ్డిస్తున్నారు. ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటూ రాత్రి తొమ్మిదింటికి రెండు కోడిగుడ్లు ఉడకేసుకున్న ఆడపిల్ల ఆ ఫోటో చూస్తుంది. ఆరు రకాలు చేసినావిడ దాన్ని సింపుల్ అంటే, తన రెండు గుడ్లనీ ఏమనాలో ఆ పిల్లకి తోచదు.

దీనికి తోడబుట్టినది పది నిమిషాల అబద్ధం. "పదే పది నిమిషాల్లో పెసరట్టు" అని వంటల వీడియోలవాళ్లు మొదలుపెట్టి, రెండో వాక్యంలో "ముందుగా నాలుగు గంటలు నానబెట్టుకున్న పెసలు తీసుకోండి" అంటారు. ఆ నాలుగు గంటలూ ఎవరి ఖాతాలో రాసుకోవాలి? అలాగే "ముందే కొట్టి పెట్టుకున్న పొడి", "మొన్న తీసి ఫ్రిజ్‌లో పెట్టుకున్న గుజ్జు", "అమ్మ పంపిన ఊరుమిరపకాయలు". వీటన్నిటికీ ముందు ఒక ఆదివారం, ఒక ఎండాకాలం, ఒక మొత్తం అమ్మ ఖర్చయి ఉంటాయి. ఇక ఉల్లిపాయలు "ఎర్రగా వేగేదాకా, రెండు నిమిషాలు" అని చెప్పే ప్రతివాళ్లనీ నా ముందు స్టవ్ దగ్గర నిలబెట్టాలని ఉంది. రెండు నిమిషాల్లో ఉల్లిపాయ చెమట పడుతుంది, అంతే. బిర్యానీ మీద చల్లుకునే రంగు రావాలంటే పావుగంట దాటుతుంది, అదీ పక్కకి తిరక్కుండా కలిపితే.

నిజంగా పది నిమిషాల్లో అయ్యే వంటలు మనకి లేకపోలేదు. తెలంగాణలో పచ్చిపులుసుంది. చింతపండు పిసికి, ఉల్లిపాయ తరిగి, కాల్చిన మిరపకాయ నలిపి వేసి, ఓపికుంటే పోపు పెడితే అయిపోయింది. మజ్జిగచారుంది. రాత్రి పూట తెలుగు దేశాన్ని నిజంగా పోషిస్తున్న ఉప్మా ఉంది. శనివారం పలహారం పేరుతో సగం ఇళ్లలో పొయ్యెక్కేది అదే. వీటికి ఫోటో లేదు. ఉప్మా ఫోటో పెట్టి "సింపుల్ డిన్నర్" అన్న మనిషిని నేనింతవరకు చూడలేదు. అది నిజంగానే సింపుల్ కాబట్టి కాబోలు.

మన ఇళ్లలో రాత్రి భోజనం అంటే ఏమిటో అందరికీ తెలుసు. మధ్యాహ్నం కూరని వేడిచేస్తారు. అడుగున మిగిలిన పప్పులో కాసిన్ని నీళ్లు, చింతపండు పోసి చారు చేస్తారు. అన్నం చాలకపోతే చపాతీలు, పిండి కలిపే ఓపిక లేకపోతే దోసెలు, పిండి పులిసిపోతే ఊతప్పం. చివర్లో పెరుగు, ఆవకాయ బద్ద. ఈ ఏర్పాటులో ఎంత లెక్క, ఎంత నేర్పు ఉందో ఎవరూ చెప్పరు. ఏది ముందు పాడవుతుంది, ఏది రేపటికి ఆగుతుంది, ఎవరికి ఏది సయించదు, పిల్లాడి డబ్బాకి ఏం మిగల్చాలి అని ఇల్లాలి తలలో ఒక గిడ్డంగి గుమాస్తా కూర్చుని ఉంటాడు. ఆ గుమాస్తా పనికి లైకులు రావు.

ఇక మగవాళ్ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి.

నెలకో ఆదివారం బావగారు వంటింట్లోకి దిగుతారు. దిగుతారు అనే అనాలి, అవతారం ఎత్తినట్టు. ఆ కబురు ముందురోజు రాత్రే అందరికీ చేరుతుంది: "రేపు వంట నాదే. చికెన్ దమ్ బిర్యానీ." పొద్దున్నే చికెన్ తెస్తారు, నిజమే, ముక్కలు ఏ సైజులో కొట్టాలో కొట్టువాడికి పాఠం చెప్పి మరీ తెస్తారు. ఇంటికొచ్చాక పిలుపులు మొదలవుతాయి. "ఏమోయ్, షాజీరా ఎక్కడుంది?" "ఏమోయ్, పెద్ద గిన్నేది?" "ఏమోయ్, పుదీనా ఆకులు వొలిచావా?" ఏమోయ్ వొలుస్తుంది. అల్లంవెల్లుల్లి ఏమోయ్ నూరుతుంది. ఉల్లిపాయలు ఏమోయే తరుగుతుంది, కళ్లు మండుతాయని ఆయన హాల్లో ఉంటారు. మసాలా పట్టించడం మాత్రం స్వహస్తాలతో. దమ్ పెట్టడం స్వహస్తాలతో. మూత చుట్టూ పిండి ఏమోయ్ అంటిస్తుంది. గంట తర్వాత మూత తీసే ఘట్టం వీడియో. పొగలో ఆయన ముఖం, వెనక "వావ్ డాడీ" అన్న పిల్లల గొంతులు. వీడియోలో ఏమోయ్ ఎక్కడుంది అనకండి, ఫోన్ పట్టుకున్నది ఆవిడే.

కింద వచ్చే ప్రశంసలు చూడాలి. "అక్కయ్యా, నువ్వెంత అదృష్టవంతురాలివి!" "ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలి!" ఏడాదికి మూడువందల యాభై రోజులు రెండు పూటలా వండిన అక్కయ్య అదృష్టవంతురాలు. పన్నెండు సార్లు వండిన బావగారు పెట్టి పుట్టించే పుణ్యపురుషుడు. ఈ లోగా సింకులో ఏముందో ఒకసారి చూడండి. అడుగంటిన పెద్ద గిన్నె, మసాలా కలిపిన బేసిను, నాలుగు గరిటెలు, ఎందుకు వాడారో తెలియని మూడు స్టీలు గిన్నెలు, నెయ్యి జిడ్డు పట్టిన జల్లెడ. పొయ్యి గట్టు మీద కుంకుమపువ్వు పాలు ఒలికి ఎండిపోయాయి. అది ఏ ఫోటోలోనూ ఉండదు. సోమవారం పనిమనిషి రాకపోతే దాని కథ అక్కయ్యకే తెలుసు.

నేను కక్షగట్టి అంటున్నానంటారేమో, సర్కారు లెక్కే చూడండి. 2019లో జాతీయ గణాంక కార్యాలయం సమయ వినియోగ సర్వే చేసింది. ఆరేళ్లు నిండిన ఆడవాళ్లలో 81.2 శాతం మంది జీతం లేని ఇంటిపని చేస్తుంటే, మగవాళ్లలో 26.1 శాతం మంది చేసేవారు అప్పట్లో. చేసేవాళ్లలోనూ ఆడవాళ్లకి రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లకి 97 నిమిషాలు. అంటే ఆడవాళ్లకి దాదాపు ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో ఫోటోకి నోచుకునేది ఎన్ని క్షణాలు? మగవాళ్ల 97 నిమిషాల్లో మూత తీసే వీడియో వాటా ఎంతో సర్వేవాళ్లు అడిగినట్టు లేదు. అడగాల్సింది.

మరో తెగ ఉంది, సిరిధాన్యాల తెగ. "ఈ రోజు మా డిన్నర్: కొర్రన్నం, ఊదల కిచిడీ, రాగి సంకటి. మూలాల్లోకి తిరిగి వెళ్దాం!" అంటూ మట్టి ముంత పక్కన పెట్టి మరీ చూపిస్తారు. మంచిదే, తినండి. ఐక్యరాజ్యసమితి కూడా 2023ని చిరుధాన్యాల సంవత్సరమంది. కానీ ఎవరి మూలాలు, ఎవరు తిరిగి వెళ్లడం? మెట్ట ప్రాంతాల్లో, అనంతపురంలో, పాలమూరులో సంకటి, గట్క, జొన్నరొట్టె రోజూ తిన్నవాళ్లకి వరి అన్నం పండగ పూట కంచంలోకి వచ్చేది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తే ఆ ఇళ్లలో తెల్లన్నం ఒక గౌరవంగా దిగింది. సంకటి ముద్ద తిన్నందుకు వెక్కిరింపులు పడిన పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. వాళ్లని వెక్కిరించిన ఇళ్ల మనవరాళ్లు అదే ముద్దకి నెయ్యి బొట్టు పెట్టి, కొత్తిమీర రెబ్బ గుచ్చి, "మా అమ్మమ్మల రహస్యం" అంటున్నారు. ఆ ముద్ద నిజంగా తిన్న అమ్మమ్మ రేషన్ బియ్యం క్యూలో నిలబడిన సంగతి ఆ రహస్యంలో లేదు. పైగా ఆ కొర్రలు కిలో కొనాలంటే ఈనాటి క్యూలోని అమ్మమ్మకి అందే ధర కాదు.

"మేం సరదాగా పెట్టుకుంటే నీకెందుకయ్యా కడుపుమంట?" అంటారు. న్యాయమైన ప్రశ్న. చేసినది చూపించుకోవడంలో తప్పేమీ లేదు. వడ్రంగి కుర్చీ చూపిస్తాడు, కవి పద్యం వినిపిస్తాడు, వండినవాళ్లు కూర చూపిస్తే ఏం పోయింది? ఇన్నాళ్లూ వంట అనేది ఎవరి కంటా పడకుండా జరిగి, తిని లేచాక మాయమైపోయిన పని. దానికి ఒక ఫోటో దక్కడం నాకు సంతోషమే. నా గొడవల్లా, ఫోటో దక్కినది కూరకి, పనికి దక్కలేదని.

యూట్యూబ్ వంటల మస్తానమ్మ గుర్తుందా? వందేళ్లు దాటాయని చెప్పేవారు, ఆంధ్ర పల్లెలో పొలం గట్టున నేల మీద కూర్చుని వండేది, పుచ్చకాయలో కోడికూర చేసి లోకమంతటికీ తెలిసిపోయింది. 2018లో పోయింది. ఆవిడ వంట ఎందుకు చూశారు అంతమంది? ఇత్తడి పళ్లేలూ లేవు, అరిటాకు కత్తిరింపులూ లేవు. పుల్లలు ఎగదోయడం, పొగకి కళ్లు చికిలించడం, మసాలా నూరడం, వంగిన నడుముతోనే కదలడం, మొత్తం చూపించారు. పది నిమిషాలన్న మాట ఆవిడ వంటకి ఎవరూ అంటగట్టలేదు.

కాబట్టి గుత్తివంకాయ చేసిన అమ్మాయీ, రేపు ఇంకోలా రాసి చూడు. "రెండు గంటలు నిలబడి చేశాను, కాళ్లు లాగుతున్నాయి, అందరూ మెచ్చుకోండి" అని. బావగారూ, వచ్చే ఆదివారం బిర్యానీ మూతతో పాటు సింకు వీడియో కూడా పెట్టండి, తోమిన తర్వాతది, తోమినవారి ముఖంతో సహా. ఇంకా ధైర్యం ఉన్నవాళ్లు ఒక రాత్రి ఉన్నదున్నట్టు పెట్టండి: స్టీలు కంచంలో పెరుగన్నం, అంచున ఆవకాయ బద్ద, "ఈ రోజు మా డిన్నర్, మధ్యాహ్నం అన్నమే" అని.

ఏమవుతుందో నాకు తెలుసు. లైకులు రావు. ఐదు నిమిషాల్లో తెనాలి నుంచి పెద్దమ్మ ఫోన్ చేస్తుంది: "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? అల్లుడితో ఏమైనా గొడవైందా?"