శ్రీ సమగ్ర వేదిక వారికి ఒక అర్జీ

మహారాజశ్రీ సమగ్ర వేదిక వారి దివ్య సముఖానికి,

విషయం: లేని కారు గురించి.

సమగ్ర వేదిక తెలంగాణ ప్రభుత్వపు కంప్యూటర్ వ్యవస్థ. వేర్వేరు శాఖల దగ్గర విడివిడిగా పడి ఉన్న రికార్డులను ఒకచోట చేర్చి, ఏ బండి ఎవరిదో, ఏ ఆస్తి ఎవరిదో, ఏ కుటుంబం రేషన్ కార్డుకు తగినదో కాదో సూచించడం వేదిక వారి పని. జవాబు రాయలేని అధికారికి అర్జీ పెట్టడం వింతే. కానీ కార్డు పోయినవాళ్లకు ఇంకో చిరునామా ఎవరూ చెప్పలేదు.

మనుషులను గుర్తుపట్టడానికి వేదిక వారు ప్రధానంగా పేరు, తండ్రి పేరు, చిరునామాల పోలికను చూస్తారు. రెండు రికార్డులు తగినంత దగ్గరగా ఉంటే ఇద్దరూ ఒకరే అనుకుంటారు. అది అంచనా మాత్రమే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, మరోచోట ఒక్క పొడి అక్షరంగా రాసుకునే రాష్ట్రంలో ఆ అంచనా తప్పడానికి పెద్ద కారణం అక్కర్లేదు. హైదరాబాద్‌లో రిక్షా లాగి బతికిన ఒకాయన పేరు ఒక కారు యజమాని పేరుకు దగ్గరగా ఉంది. కారు ఈయనదేనని తేల్చడంతో ఆ ఇంటికి బియ్యం ఆగిపోయింది.

2014 నుంచి 2019 వరకు రాష్ట్రంలో 18 లక్షల 60 వేలకు పైగా కార్డులు రద్దయ్యాయి. అన్నీ వేదిక వారి చలవే అనడం అన్యాయం. అందులో బోగస్ కార్డులూ ఉన్నాయి. అయితే ముందుగా నోటీసు ఇవ్వలేదన్నది ప్రధాన ఫిర్యాదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులపై క్షేత్రస్థాయి విచారణకు ఆదేశించింది. ఆ ఏడాది జులై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హమైనవేనని తేలింది. అంటే నూటికి ఏడున్నర. పరీక్షలో తొంభై రెండున్నర మార్కులొస్తే ఇంట్లో మిఠాయి పంచుతారు. ఇక్కడ పోయిన ప్రతి మార్కూ ఒక ఇంటి బియ్యం, తలకు నెలకు ఆరు కిలోలు.

బియ్యం కంటే ముందు పోయేది మరొకటి ఉంది, గౌరవం. కారు ఉందని చూపాల్సిన భారం ప్రభుత్వానిది. వేదిక వారి రాకతో అది తలకిందులై, కారు లేదని రుజువు చేసుకునే భారం పేదవాడి మీద పడింది. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం దొరుకుతుంది, కుల ధ్రువపత్రం దొరుకుతుంది. లేని కారుకు ధ్రువపత్రం ఏ కౌంటర్లో అడగాలి? డీలర్ ‘సిస్టంలో పేరు లేదు’ అంటాడు. ఆఫీసుకు వెళ్తే ‘పైనుంచే తీసేశారు’ అంటారు. వెనకటి గుమాస్తా దేవుడేమీ కాదు, చేయి తడపందే ఫైలు కదలనిచ్చేవాడు కాదు. కానీ ఎదురుగా కూర్చునేవాడు. పోట్లాడటానికైనా ఒక మనిషి దొరికేవాడు.

చట్టం ఈ విషయంలో అస్పష్టంగా లేదు. జీవించే హక్కు అంటే గౌరవంతో జీవించే హక్కని సుప్రీంకోర్టు 1981లోనే ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసులో చెప్పింది. కడుపుకు చాలినంత తిండి అందులో భాగమంది. 2013 నాటి ఆహార భద్రత చట్టం రేషన్‌ను దయాధర్మం నుంచి హక్కుగా మార్చింది. హక్కును తీసేసే ముందు మనిషిని పిలిచి అడగాలన్నది సహజ న్యాయ సూత్రం. కేవలం యంత్రం తేల్చిన నిర్ణయానికి మనుషులు బలికాకుండా ఐరోపా సమాఖ్య డేటా నిబంధనల్లో 22వ అధికరణ ఉంది. మన 2023 డేటా చట్టంలో అలాంటి సెక్షన్ లేదు. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం తీసుకుంటున్న వేలాది మంది తల్లిదండ్రులపై తప్పుగా మోసగాళ్ల ముద్ర వేసినందుకు 2021 జనవరిలో ప్రభుత్వమే రాజీనామా చేసింది. వేదిక వారికి పదవి లేదు కనుక రాజీనామా భయం కూడా లేదు.

కాబట్టి ఈ అర్జీ వేదిక వారికి దాఖలైనా, విన్నపం వారిని కొలువులో పెట్టుకున్న ప్రభుత్వానికి. యంత్రం అనుమానించవచ్చు, రద్దు మాత్రం చేయకూడదు. అనుమానం వచ్చిన ఇంటికి తెలుగులోనో ఉర్దూలోనో నోటీసు వెళ్లాలి. ఏ బండి నంబరు, ఏ రికార్డు చూసి అనుమానించారో అందులో ఉండాలి. ఒక ఉద్యోగి ఆ గడప దాకా వెళ్లి చూసి, తన పేరుతో సంతకం చేయాలి. అంతవరకు ఆ ఇంటి బియ్యం ఆపవద్దు.