వినపడని అయిదో తీగ

ఆ ప్రెసిషన్ బేస్‌ను అమ్మమని నన్నెవరూ అడగలేదు. డబ్బు అవసరమూ పడలేదు. పడగ్గదిలో తలుపేసుకుని ఒక్కణ్ణే వాయించుకుంటుంటే మొద్దుగా, ముక్కుతో మాట్లాడినట్టు పలుకుతోందనిపించింది. ఆ ఒక్క కారణంతో దాన్ని వదిలించుకున్నాను.

పగలు బ్యాంకు ఉద్యోగం, సాయంత్రాలు విజయవాడ చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్లూ దసరా పందిళ్లూ. ఆర్కెస్ట్రాలో నాది బేస్ గిటారు. అంటే ఫొటోల్లో సగమే పడేవాణ్ణి. ఆ ప్రెసిషన్ కూడా గొప్పదేం కాదు. ఫెండర్ వాళ్ల చౌక బ్రాండు స్క్వయర్, ఇండోనేషియాలో తయారైంది. నాలుగు తీగలు, ఒక పికప్, వాల్యూముకో గుండీ, టోన్‌కో గుండీ, అంతే. లియో ఫెండర్ 1951లో కాలిఫోర్నియా నుంచి బజారులోకి వదిలిన మొదటి ప్రెసిషన్‌లోనూ గుండీలు ఆ రెండే. అంతకుముందు బేస్ అంటే మనిషి ఎత్తు డబుల్ బేసే. దానికి మెట్లుండవు, వేలు వెంట్రుకవాసి జరిగినా శ్రుతి పోతుంది. ఫెండర్ మెట్లు బిగించి, దాన్ని భుజాన తగిలించుకునే సైజుకి తెచ్చాడు. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ పట్టుకుని, కుడిచేతి చూపుడు వేలొక్కదానితోనే చరిత్ర సృష్టించాడు. తెగితే తప్ప తీగలు మార్చేవాడు కాదని కూడా చదివాను. ఇవన్నీ తెలిసిన మనిషినే నేను. తెలియక చేస్తే తెలివితక్కువతనం అనొచ్చు, తెలిసి చేసినదానికి మా ఆవిడ వాడే మాట ఇక్కడ రాయలేను.

రాత్రిళ్లు ఫోన్లో వీడియోలు చూడ్డంతో మొదలైంది జబ్బు. ఎవరో తెల్ల కుర్రాడు అయిదు తీగల బేస్ పట్టుకుని కూర్చుంటాడు. యాక్టివ్ సర్క్యూటు, అంటే గిటారు కడుపులోనే తొమ్మిది వోల్టుల బ్యాటరీ, బేస్‌కీ మిడ్‌కీ ట్రెబుల్‌కీ వేర్వేరు గుండీలు. హెడ్‌ఫోన్లో ఆ మోత గుండెల్లోకి దిగేది. మామూలు బేస్‌లో అన్నిటికంటే కింది తీగ, అంటే E తీగ, 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అయిదో తీగ ఉంటే ఇంకా కిందికి, 31 దాకా దిగొచ్చు. దిగి ఏం చేస్తావని ఎవరైనా అడిగుంటే నా దగ్గర జవాబు లేదు. అడగలేదు కాబట్టి కొన్నాను.

అమ్మకం ప్రకటన మాత్రం బ్రహ్మాండంగా రాశాను. సెకండ్ హ్యాండ్ కార్ల వాళ్లు "డాక్టరు గారు వాడిన బండి" అన్నట్టు "చర్చిలో, ఆదివారాలు మాత్రమే వాడినది" అని పెట్టాను. తెనాలి నుంచి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. నిజంగానే చర్చిలో వాయించేవాడు. ధర తగ్గించమని నసిగితే, "బాబూ, ఇలాంటి పీసు మళ్లీ దొరకదు. నేను అవసరం కొద్దీ ఇస్తున్నాను" అన్నాను. నోటు నోటూ లెక్కపెట్టిచ్చాడు. గిటారు బరువుగా ఉందని బస్టాండు దాకా నేనే మోసుకెళ్లి బస్సెక్కించాను. పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్న హోఫ్నర్ బేస్‌ను 1972లో లండన్లో వ్యాన్లోంచి ఎవరో ఎత్తుకెళితే, వెతికి వెతికి చివరికి పట్టుకుని ఆయనకు చేర్చారని 2024లో పేపర్లో వచ్చింది. ఆయనది దొంగలు పట్టుకెళ్లారు. నాది పట్టుకెళ్లినవాడికి కిటికీ పక్క సీటు కూడా నేనే చూసిపెట్టాను.

కొత్తది ఇంట్లో అద్భుతంగా మోగింది. బేస్ గుండీ పూర్తిగా పైకి, ట్రెబుల్ పైకి, మిడ్ కిందికి. మంచం కింద సామాన్లు కూడా వణికేవి. గదిలో బేస్ పెంచితే కమ్మగా ఉంటుంది, అదే అమరికను స్టేజీ మోతలో పెడితే బురదైపోతుంది. ఎందుకంటే తక్కువ శబ్దంలో మన చెవికి మంద్రస్వరాలు సరిగ్గా ఆనవు, ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చెప్పారు. నేను పుట్టకముందే చెప్పిన సంగతి నేను యాభైకి దగ్గరపడ్డాక కూడా నా చెవినబడలేదు. అసలు ఫంక్షన్ హాల్లో జనానికి చేరే బేస్ ఆ అట్టడుగు స్వరం కాదు. ఆ స్పీకర్లు చాలావరకు 40 హెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. ఆ స్వరం మీద పుట్టే రెట్టింపు, మూడింతల హార్మోనిక్స్ విని, కింది స్వరాన్ని చెవి తనంతట తానే ఊహించుకుంటుంది. ప్యాడ్లు, కీబోర్డు, ఇద్దరు గాయకులు, కేకలేసే పెళ్లివారు, వీళ్లందరి మధ్య బేస్ తన చోటు సంపాదించుకునేది మిడ్‌లోనే. నేను కుడిచేత్తో జాగ్రత్తగా కోసేసింది సరిగ్గా ఆ మిడ్‌నే. ప్రెసిషన్ ముక్కుతో మాట్లాడుతోందన్నానే, ఆ ముక్కే దాని బతుకుదెరువు.

స్టేజీ మీద మాత్రం నాకంతా బాగానే వినిపించేది. మోకాళ్ల వెనక నా యాంప్ ఉంటుంది కదా. కార్యక్రమం అయ్యాక ఎవరో ఒకరొచ్చి "బేస్ ఇరగదీశారండీ" అనేవారు కూడా. కొత్త బేస్ మహిమ అనుకుని ఇంటికొచ్చి దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాణ్ణి.

ఈ యాక్టివ్ గిటార్లలో ఒక మెలిక ఉంది. వైరు గుచ్చగానే లోపల సర్క్యూటు ఆన్ అవుతుంది. పీకితేగానీ ఆగదు. రిహార్సల్ అయ్యాక వైరు పీకకుండా గోడకు ఆనించి రోజుల తరబడి వదిలేసేవాణ్ణి. గన్నవరం దగ్గర ఒక రిసెప్షన్లో, గీతాంజలి సినిమాలోని ఇళయరాజా పాట నడుస్తుండగా, తీగ మీటితే శబ్దం ముందు గరగరమంది, తర్వాత గాలి పోయినట్టు పలచబడింది, ఆ తర్వాత అసలే లేదు. గుండీలన్నీ తిప్పాను. వైరు కదిపాను. మెడలోంచి చెమట కారుతోంది. పాట ఆపలేం, పెళ్లికొడుకు తోడల్లుడు అప్పుడే డాన్సు మొదలెట్టాడు. సరే కానిమ్మని వేళ్లు ఆడిస్తూ తల ఊపుతూ నిలబడ్డాను. అప్పుడు గమనించాను, స్పీకర్లలో బేస్ వస్తోంది. బ్యాటరీకి ప్రాణమొచ్చిందేమో అనుకుని ఆనందంతో తీగల మీంచి చెయ్యి తీశాను. బేస్ ఆగలేదు. తల తిప్పి చూస్తే మా కీబోర్డు తమ్ముడి ఎడమ చెయ్యి, కింది మెట్ల మీద నింపాదిగా నడుచుకుంటూ పోతోంది. వాడి చూపు మాత్రం పెళ్లికూతురి పక్కన ఐస్‌క్రీం కౌంటరు మీదుంది.

భోజనాల దగ్గర పెళ్లికూతురి మేనమామ నన్ను వెతుక్కుంటూ వచ్చి మరీ చెయ్యి కలిపాడు. "ఆ పాటలో బేస్ ఉంది చూశారూ! మీలాంటి ఆర్టిస్టులు ఇప్పుడెక్కడున్నారండీ." పప్పు కలుపుకుంటున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచిరా ఇది?" అన్నాను తమ్ముణ్ణి వ్యాను దగ్గర పట్టుకుని.

"ఆ కొత్త గిటారు తెచ్చిన కాణ్ణుంచే అన్నా. నీది బయటికి వినపడట్లేదని మైక్‌సెట్ బాబాయే ఎడమ చెయ్యి కలపమన్నాడు. నువ్వు బాధపడతావని చెప్పలా."

ఇక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించాను కూడా, తప్పంతా యాంప్‌దని తేల్చాను. డాలస్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ చేసి, అయిదు వందల వాట్ల యాంప్ హెడ్ ఒకటి తెప్పించుకున్నాను. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్వీటీ మూడొందల వాట్లకే ఇద్దరు మోసేంత బరువు, ఇదేమో రెండు కేజీల చిల్లర. పెట్టె విప్పిన ఆత్రంలో ప్లగ్గుకి అడాప్టరు తగిలించి గోడకు పెట్టేశాను. వెనక రేకు మీద 120 వోల్టులని అచ్చేసి ఉంది. మన గోడలో వచ్చేది 230. టప్‌మంది. ఫ్యూజే పోయి ఉంటుందని ఇంకోటి వేసి మళ్లీ పెట్టాను. ఈసారి వాసన కూడా వచ్చింది. మా అత్తగారు వంటింట్లోంచి "అబ్బాయ్, ఏదో మాడుతోంది, చూడు" అన్నారు. ఆవిడ కొడుకు పంపిందే మాడుతోందని ఎలా చెప్పను?

రిపేరుకి పెట్టిన ఖర్చులో ఇక్కడే ఒక కొత్త హెడ్ వచ్చేది. బాగై వచ్చాక తెలిసిన సంగతి, ఆ అయిదు వందల వాట్లు నాలుగు ఓముల స్పీకరుకి. నా దగ్గరున్నది ఎనిమిది ఓములది. అంటే దాదాపు సగమే వస్తుంది. దానికి బెంగపడి రెండో క్యాబినెట్ కొన్నాను. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది మూడు డెసిబెల్సే, చెవికి "కొంచెం పెరిగిందేమో" అన్నంత. పైగా హాల్లో జనం వినేది నా యాంప్‌ని కాదు, డీఐ బాక్సులోంచి మిక్సర్‌కి వెళ్లే లైనుని. నా వెనక ఎన్ని వేల వాట్లున్నా నా మోకాళ్లకే ఉపయోగం.

ఆ తర్వాత చేసిన మార్పిళ్ల జాబితా చెప్పి విసిగించను. వాటిలో ఒక జాజ్ బేస్ ఉంది, అది ఫ్రిజ్‌లా హమ్ చేస్తోందని అపార్థం చేసుకుని ఇచ్చేశాను. రెండు పికప్‌లూ సమానంగా తెరిస్తే ఒకదాని గుర్రు ఒకటి కొట్టేస్తుందని కొన్నవాడే నాకు చెప్పాడు, డబ్బులిచ్చాక.

డిసెంబర్లో తెనాలి వైపు ఒక క్రిస్మస్ కార్యక్రమానికి మా ప్యాడ్స్ కుర్రాడికి తోడుగా వెళ్లాను. గేటు దగ్గర బండి స్టాండు వేస్తుంటేనే బేస్ వినిపించింది. ప్రతి స్వరమూ విడివిడిగా, పాట వెన్నెముకంతా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. లోపలికెళ్లి చూస్తే నా ప్రెసిషన్. కుర్రాడికి యాంపే లేదు, లైను నేరుగా మిక్సర్‌కి ఇచ్చేశాడు. టోన్ గుండీ సగానికి. బ్రిడ్జి దగ్గర తీగల కింద పసుపుపచ్చగా ఏదో కనిపించింది. వంగి చూస్తే గిన్నెలు తోమే స్పాంజి ముక్క, కత్తెరతో తిన్నగా కోసి దూర్చాడు. పాత ఫెండర్లలో బ్రిడ్జి మూత కింద స్పాంజి కంపెనీయే పెట్టి ఇచ్చేది. తీగ మోత సాగకుండా అణిచి, దెబ్బని గుండ్రంగా చేస్తుంది. నేను పెట్టిన లక్షల పక్కన అది అయిదు రూపాయల ముక్క.

కార్యక్రమం అయ్యాక కేకు తింటూ మెల్లగా కదిపాను. కొన్న ధర మీద ఇంకో రెండు వేలు వేసిస్తాను, ఇచ్చెయ్యమన్నాను. నాలుగన్నాను. అయిదన్నాను.

వాడు చాలా మర్యాదగా నవ్వాడు. "అంకుల్, ఇలాంటి పీసు మళ్లీ దొరకదని మీరే చెప్పారుగా."

ఇంటికొచ్చి అయిదు తీగల దానికే వంటింటి స్పాంజి దూర్చాను. మిడ్ పైకెత్తి, బేస్ సగానికి దించి, అయిదో తీగకి ఒక గుడ్డ ముక్క చుట్టి మూగదాన్ని చేశాను. తర్వాతి రిసెప్షన్లో యాంప్ వ్యానులోంచి దింపలేదు. మైక్‌సెట్ బాబాయ్‌కి డీఐ వైరు చేతికిచ్చి, తమ్ముడితో ఎడమ చెయ్యి జేబులో పెట్టుకోమన్నాను. మొదటి పాటకే బాబాయ్ మిక్సర్ వెనక నుంచి బొటనవేలు చూపించాడు. కొత్తది కొన్నాక మొదటిసారి హాలంతా నా బేస్ విన్నది. తాళం కంటే ముందుకి తోసుకెళ్లే నా పాత అలవాటూ విన్నది. రెండో చరణంలో నేను పట్టిన తప్పు స్వరాన్ని కూడా, చివరి వరుసలో చంటిపిల్లతో ఉన్నావిడ దాకా, అందరూ విన్నారు. ఇన్నాళ్లూ ఆ తప్పులన్నిటినీ ఎవరు కప్పెట్టారో అప్పుడర్థమైంది.

పాట అయ్యాక తమ్ముడు కీబోర్డు మీంచి నా వైపు వంగి, చెవిలో చెప్పినట్టు అడిగాడు:

"అన్నా, ఎడమ చెయ్యి బయటికి తియ్యనా?"