లండన్ మీద ఆడిట్ అభ్యంతరాలు

మా పెద్దమావయ్యకి లండన్‌లో తెలియని సందు లేదు. ఇంకా వెళ్ళలేదు, అంతే.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. వీళ్ళకి ఊరు చూడటం కన్నా బస ముఖ్యం, బస కన్నా బస వెతకడం ముఖ్యం. సంబంధం కుదిరిపోతే ఇక పెళ్ళిచూపుల స్వీటూ హాటూ తినే యోగం ఉండదని, పిల్ల ఎంత బాగున్నా ఏదో వంక పెట్టి లేచొచ్చే పెళ్ళివారి తరహా. పైగా మావయ్య ఆడిట్ శాఖలో రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళు పరాయివాళ్ళ లెక్కల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్నవాడి చేతికి ఒక మహానగరంలోని హోటళ్ళన్నీ ఒక్కసారిగా చిక్కాయి.

జూన్ ప్రయాణానికి సంక్రాంతి వెళ్ళగానే కూర్చున్నాడు. లాంగ్‌నోట్‌బుక్కు కొత్తది, ఎర్ర పెన్ను పాతదే.

"లండన్ అంటే ఏమనుకున్నావురా అబ్బాయ్? జోన్లు! నడిమధ్యది ఒకటి, దాని చుట్టూ రెండు, ఆ చుట్టూ మూడు. విమానం దిగే హీత్రో ఎక్కడో ఆరులో ఉంది. మన బ్రాడీపేటలా లైన్లూ అడ్డరోడ్లూ ఉంటే నాలుగు బై పద్నాలుగు అని చెప్పి పోయేవాళ్ళం. అది ఊరు కాదు, ఉల్లిపాయ."

ఉల్లిపాయ ఒలిచాడు. లోపలి పొరలో గది అద్దె చూసేసరికి కళ్ళ నీళ్ళొచ్చాయి. బయటి పొరలో అద్దె తక్కువే కానీ, రోజూ రైల్లో పోనూ రానూ రెండు గంటలు ఖర్చు. ఆ గంటలకి విలువ కడితేగాని లెక్క తేలదు. రిటైరైనవాడి గంట ఖరీదెంత?

"సున్నా వేసుకోండి" అంది అత్తయ్య వంటింట్లోంచి.

పాడింగ్టన్, బేస్‌వాటర్, ఎర్ల్స్ కోర్ట్ వైపు పాతకాలపు మేడల్నే హోటళ్ళుగా మార్చిన వీధులున్నాయి. చాలావాటిలో లిఫ్టు ఉండదు. ఉన్నచోట మనిషి పడితే సూట్‌కేసు పట్టదు. నేలమాళిగ గది చవక, కానీ కిటికీలోంచి దారినపోయేవాళ్ళ బూట్లు తప్ప ఏమీ కనపడవు. వీటికి తోడు దిగివెళ్ళినవాళ్ళు రాసిన సమీక్షలు. బాగుందని రాసినవి మావయ్య చదవడు, అవి ఓనరు బావమరిది రాసుకున్నవట. తిట్టినవి మాత్రం రామకోటి అంత శ్రద్ధగా చదువుతాడు. అయిదొందలమంది మెచ్చుకున్న హోటల్ని మొదటిరోజే కొట్టేశాడు, కిటికీ తెరిస్తే ఎదురుగా గోడే ఉందని ఒక మహానుభావుడు రాశాడని. ఇంకోదాన్ని చలి దెబ్బతీసింది.

"గది చల్లగా ఉందని రాసినవాడు నార్వేవాడురా. నార్వేవాడికే చలేస్తే గుంటూరువాడి గతేంటి?"

అన్నిటికన్నా పెద్ద చిక్కు స్నానాల గది దగ్గర వచ్చింది. ఒక హోటలుకి మర్యాదగా ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు, మీ బాత్రూములో మగ్గు ఉంటుందా అని. పావుగంటలో జవాబొచ్చింది: "తప్పకుండా. గదికి రెండు, టీ సంచులతో సహా." మావయ్య రెండురోజులు మౌనంగా ఉన్నాడు. ఆ తర్వాత సామాన్ల జాబితాలో ప్లాస్టిక్ చెంబు మొదటి వరసకి వచ్చింది. పాస్‌పోర్టు రెండోది.

ఏం చూడాలన్నది ఇంకో యాభై పేజీలు. పదీ నలభైకి ట్రఫాల్గర్ స్క్వేర్, పదీ యాభై అయిదుకి నేషనల్ గ్యాలరీ, పదకొండూ ఇరవైకి బయటికి. ఆ గ్యాలరీలో 2,300కి పైగా చిత్రాలున్నాయి. నేను నోరు తెరవబోయేలోపే, "ప్రవేశం ఉచితం, అన్నీ చూడాలని లేదు" అన్నాడు. టవర్ ఆఫ్ లండన్ దగ్గర మాత్రం ఎర్ర పెన్ను ఆగింది. కోహినూరు అక్కడే ఉంది. అది మన కొల్లూరు గనిలో దొరికిందంటారు. ఆ గనేమో ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. "మన రాయి మనకి చూపించడానికి రుసుమా? అభ్యంతరం" అని రాసి కింద సంతకం కూడా పెట్టాడు.

ఈలోగా నిజంగా లండన్ వెళ్ళొచ్చినవాళ్ళకి మా వీధిలోకి రావాలంటే భయం పట్టుకుంది. ఎదురింటాయన కూతురి దగ్గర నెల్లాళ్ళుండి వచ్చి బిగ్ బెన్ బురుజు చూశామన్నాడు. బిగ్ బెన్ గంట పేరనీ, బురుజుకి 2012 నుంచి ఎలిజబెత్ టవర్ అని పేరనీ చెప్పించుకుని వెళ్ళాడు. లెస్టర్ స్క్వేర్‌లో రైలెక్కి కోవెంట్ గార్డెన్‌లో దిగామన్నవాడికైతే శిక్షే పడింది. "అయ్యయ్యో, ఆ రెండు స్టేషన్ల మధ్య 260 మీటర్లండీ! మెట్లు దిగేలోపు నడిచిపోవచ్చు!" పాపం, అతను తన ప్రయాణం మొత్తం దండగైనట్టు మొహం పెట్టాడు.

మే నెల వచ్చింది. ఎర్ర పెన్ను ఇంకా తిరుగుతూనే ఉంది, గదులు మాత్రం ఆగలేదు. మావయ్య బడ్జెట్‌కి అందేది చివరికి ఒక్కటే మిగిలింది, మొదటిరోజు కొట్టేసిన గోడ హోటలు. ధర అప్పటికి రెట్టింపయింది.

వెళ్ళారు. కిటికీ తెరిచారు. గోడ ఉంది. "చూశావా, ఎంత నిజాయితీపరుడో!" అని సమీక్ష రాసినవాణ్ణి తలుచుకుని మావయ్య మురిసిపోయాడట. ఇది అత్తయ్య చెప్పింది. బ్రిటిష్ మ్యూజియం సంగతీ ఆవిడే చెప్పింది. అక్కడ అద్దాల వెనక అమరావతి స్తూపం పలకలున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చాడు, అక్కణ్ణించి ఓడెక్కి, 1880లో ఆ మ్యూజియం చేతికొచ్చాయి. నోట్‌బుక్కు ప్రకారం వాటికి పన్నెండు నిమిషాలు. మావయ్య గంటసేపు నిలబడ్డాడు. ఏనుగుల్నీ, పూర్ణకుంభాల్నీ, స్తూపానికి మొక్కుతున్న ఆడవాళ్ళ జడల్నీ ఒక్కొక్కటే చూస్తూ, ఎర్ర పెన్ను జేబులోంచి తీయకుండా. అత్తయ్య కాళ్ళు నొప్పెట్టి బెంచీ మీద కూలబడింది.

"మనింటికి గంట దారిలో ఉంది కదా, అమరావతి ఒక్కసారైనా తీసుకెళ్ళలేదేమండీ?" అని అడిగిందట.

"అక్కడ దిగడానికి సరైన చోటు లేదటే. చూస్తున్నాను."

తిరిగొచ్చిన వారానికి పలకరించడానికి వెళ్ళాను. వేడివేడిగా పునుగులు పెట్టారు. మావయ్య వాలుకుర్చీలో ఫోను పట్టుకుని ఉన్నాడు.

"ఇంతకీ హోటలు ఎలా ఉంది మావయ్యా?"

"ఉండు" అని కళ్ళజోడు సవరించుకుని కిందికి కిందికి జరుపుతూ చదివాడు. "మనం వచ్చేశాక ఎవరో కెనడావాడు దిగాడు. గది శుభ్రంగా ఉంది, మనుషులు మంచివాళ్ళు అని రాశాడు." కాసేపాగి తలాడించాడు. "బానే ఉన్నట్టుందిరా."