నా వెలుగుకు ఒకటే రంగు

నేను వీధి దీపాన్ని. ఇంగ్లండ్ ఉత్తరాన ఒక మిల్లు ఊరి శివార్లలో, గోదాముల వెనక సందులో, కాంక్రీటు స్తంభం కొసన ఉంటాను. థోర్న్ కంపెనీ తయారుచేసిన బీటా 5 రకం నాది. నాలో వెలిగేది 35 వాట్ల అల్ప పీడన సోడియం బల్బు. ఒకప్పుడు బ్రిటన్‌లో ఏ ఊరికి వెళ్లినా నావాళ్లు బారులు తీరి కనిపించేవాళ్లు. ఇప్పుడు మమ్మల్ని చూడాలంటే వెతుక్కుంటూ రావాలి.

మా వంశం రోడ్డెక్కింది 1932లో. ఫిలిప్స్ కంపెనీ నెదర్లాండ్స్‌లో బీక్, గెలీన్ ఊళ్ల మధ్య సోడియం దీపాలు పెట్టింది. అదే ఏడాది బ్రిటన్‌లో క్రాయ్‌డన్ దగ్గరి పర్లీ వే మీదా వెలిగాయి. తరవాత కార్లు పెరిగాయి, రోడ్లు పెరిగాయి, వాటితోపాటు మేమూ పెరిగాం. తక్కువ కరెంటుతో ఎక్కువ వెలుగివ్వడంలో మమ్మల్ని మించినవాళ్లు చాలాకాలం లేరు. నా 35 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు, పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు వెలుగుకు దాదాపు ఆరు రెట్లు. మోటర్‌వేల మీద నిలబడిన మా పెద్దవాళ్లు 135, 180 వాట్ల వాళ్లు.

నా బల్బు అడుగు పొడవు ఉంటుంది. లోపల యు ఆకారంలో వంచిన సన్నని గాజు గొట్టం. అందులో నియాన్ వాయువు, దానికి తోడు కొంచెం ఆర్గాన్, రవ్వంత సోడియం లోహం. గొట్టం పొడుగునా చిన్న చిన్న గుంటలు. పగటిపూట నిచ్చెన వేసుకుని దగ్గరగా చూస్తే ఆ గుంటల్లో సోడియం వెండిపూతలా మెరుస్తుంటుంది. అది ఒకే చోటికి జారి పేరుకోకుండా ఆ గుంటలే పట్టి ఉంచుతాయి. గొట్టం చుట్టూ మరో గాజు కవచం, రెండింటి మధ్య శూన్యం. కవచం లోపలి వైపు ఇండియం ఆక్సైడ్ పూత. వెలుగును బయటికి పోనిచ్చి వేడిని లోపలికి మళ్లించడం దాని పని. అందుకే జనవరి చలిలోనూ నా వెలుగు తగ్గదు.

మునిమాపు వేళ ఫోటోసెల్ నన్ను లేపుతుంది. మొదట వెలిగేది నియాన్, ముదురు ఎరుపు. ఆ వేడికి సోడియం మెల్లగా కరిగి ఆవిరవుతుంది. గొట్టంలో అక్కడక్కడా పసుపు పొడచూపి, పాకుతూ, ఎరుపును పూర్తిగా మింగేస్తుంది. దీనికి సుమారు పది నిమిషాలు పడుతుంది. గొట్టం 260 డిగ్రీల దగ్గర నిలదొక్కుకున్నాక ఇక తెల్లారేదాకా ఒకటే పసుపు.

ఒకటే అంటే నిజంగా ఒకటే. 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర పక్కపక్కనే ఉన్న రెండు గీతలు, దాదాపుగా నా వెలుగంతా అంతే. ఒక చలికాలం సాయంత్రం ఓ పెద్దాయన మనవరాలిని వెంటబెట్టుకుని నా కిందికి వచ్చాడు. ఆ పిల్ల మెడలో ఎరుపు, ఆకుపచ్చ చారల మఫ్లర్. నేను పూర్తిగా వెలిగాక ఆ చారలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. పిల్ల జేబులోంచి ఫోను తీసి టార్చి వేసింది. వెలుతురు పడ్డంత మేర రంగులు తిరిగొచ్చాయి. ఆపేసింది, పోయాయి. "తాతయ్యా, రంగులు ఎక్కడికి పోయాయి?" అంది. "ఎక్కడికీ పోలేదమ్మా, వాటిని చూపించే వెలుగు ఇందులో లేదు" అన్నాడాయన. అంత చక్కగా నన్ను గురించి చెప్పినవాళ్లను నేను చూడలేదు.

మాకు చోటు లేకుండా చేసిందీ ఆ గుణమే. నా కింద నిలిపిన కారు ఎరుపో నీలమో సాక్షి చెప్పలేడు, కెమెరా చెప్పలేదు. పొడవాటి బల్బు కాబట్టి వెలుగును రోడ్డు మీదికే కచ్చితంగా మళ్లించడమూ కష్టం. ఎల్ఈడీలు ఈ రెండు పనులూ చేశాయి, కరెంటూ ఆదా చేశాయి. స్థానిక కౌన్సిళ్లు వీధి తరవాత వీధి మార్చేశాయి. 2019తో ఫిలిప్స్ మా బల్బుల తయారీ ఆపేసింది. మేం పోతుంటే బాధపడినవాళ్లలో ఖగోళ శాస్త్రవేత్తలు ఉన్నారు. ఒకే రంగును ఫిల్టరుతో తీసేస్తే వాళ్లకు ఆకాశం మిగిలేది. తెల్ల వెలుగును అలా తీసేయడం కుదరదు.

నేను మిగలడానికి కారణం ఈ సందు కౌన్సిల్‌ది కాకపోవడం. నా కరెంటు గోదాముల మీటరు నుంచి వస్తుంది. మార్పుల జాబితాలో నా స్తంభం లేదు. బ్రిటన్‌లో మిగిలిన నావాళ్లలో చాలామందిది ఇదే కథ: ప్రైవేటు దారులు, కార్ల పార్కింగులు, కార్ఖానా ఆవరణలు.

మమ్మల్ని వెతికేవాళ్లకు ఈ సంగతి తెలుసు. ముందు గూగుల్ స్ట్రీట్ వ్యూలో సందులు గాలిస్తారు. ఆ ఫొటో పాతదైతే, వచ్చేసరికి స్తంభం మొండిగా కనిపించడమూ ఉంది. పగలైతే డొప్పలో అడ్డంగా పడుకున్న పొడవాటి బల్బును బట్టి పోల్చుకుంటారు. రాత్రయితే రంగును బట్టి. అధిక పీడన సోడియం దీపాలు, అంటే ఇండియా రోడ్ల మీద చాలాకాలం వెలిగిన ఆ బంగారు వన్నెవి, మాకు దగ్గరి చుట్టాలే. కానీ వాటి కింద రంగులు కాస్తో కూస్తో తెలుస్తాయి. అక్కడే మాకూ వాటికీ తేడా పట్టేస్తారు. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఆ మొదటి ఎరుపు. అందుకే పొద్దుగూకకముందే వచ్చి నిలబడతారు.

వాళ్లు ఫొటోలు తీస్తారు, మంచిదే. అయితే నా వెలుగు ఫొటోలో పట్టదు. తెర మీద పసుపు కనిపించాలంటే ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు కలిసి వెలగాలి. నా పసుపులో ఆ రెండూ లేవు. ఆ పిల్ల మఫ్లర్‌కు జరిగింది ఏ తెర ముందూ జరగదు. దాన్ని చూడాలంటే మనిషి నా కింద నిలబడాలి, నేను వెలుగుతూ ఉండాలి.

కాబట్టి గోదాము యజమానులకూ, వెతికి వచ్చేవాళ్లకూ నా మనవి ఒకటే. నన్ను దించే రోజు వస్తే తుక్కులో వేయకండి. పెట్టె ఒకరు, డొప్ప ఒకరు పంచుకోకండి. ట్రాన్స్‌ఫార్మరు, ఫోటోసెల్, మిగిలిన బల్బులు అన్నీ ఒకేచోట ఉంచి, మ్యూజియంలోనో బడిలోనో అప్పుడప్పుడూ వెలిగించండి. పిల్లల్ని రంగురంగుల బట్టల్లో రమ్మనండి. అలమారాలో ఆరిపోయి ఉన్న నన్ను చూస్తే నా ఆకారం తెలుస్తుందంతే. ఒకే రంగుతో లోకాన్ని చూడటం ఎలా ఉంటుందో తెలియాలంటే నన్ను వెలిగించాలి.