చందా కట్టిన అక్కాచెల్లెళ్లు

మే నెల వచ్చిందంటే అమెరికా కాలేజీల్లో కన్నీళ్ల సీజను మొదలవుతుంది. సొరోరిటీ అంటే ఒకరినొకరు అక్కచెల్లెళ్లని పిలుచుకునే ఆడపిల్లల సంఘం, ఒక్కో కాలేజీలో దాని శాఖ చాప్టర్. పట్టా చేతికి రాబోతున్న సొరోరిటీ సీనియరు వీడ్కోలు ఉత్తరం రాయాలి, దాన్ని చాప్టర్ మీటింగులో నిలబడి చదవాలి, రెండో పేరాలో గొంతు పూడుకుపోవాలి. రాసే అమ్మాయిలు వేరు, ఉత్తరం మాత్రం ఒక్కటే. బిక్కుబిక్కుమంటూ వచ్చాను, ఇక్కడ ఇల్లు దొరికింది, నేనెవరో నాకు తెలిసింది, ఇది నాలుగేళ్ల బంధం కాదు జీవితాంతం. ఆ ఆఖరి ముక్క ఆమె సొంతం కూడా కాదు, సొరోరిటీలన్నీ అరిగిపోయేదాకా వాడుతున్న నినాదం.

ఉత్తరం కంటే ముందు ఫోటోల తంతు ఉంటుంది. తెల్ల గౌను, మెడలో గ్రీకు అక్షరాల కండువా, చేతిలో షాంపేన్ సీసా. సీసాను బాగా కుదిపి, బిరడా ఎగిరి నురగ చిమ్మే క్షణానికి నలుగురూ నోళ్లు తెరిచి నవ్వాలి. ఎవరి కళ్లయినా మూసుకుపోతే రెండో సీసా తీస్తారు. వాళ్లు తాగేది గుక్కెడు, మిగతాదంతా క్యాంపస్ గడ్డే తాగుతుంది.

పోనీలెండి, ఇరవై రెండేళ్ల పిల్లల ఏడుపును వెక్కిరిస్తే పాపం. హాస్టలు ఖాళీ చేసేటప్పుడు ఏడవనివాళ్లెవరు? నా పేచీ అంతా ఆ ఉత్తరం ఎప్పుడూ చెప్పని సంగతులతోనే.

మొదటిది, ఈ అక్కచెల్లెళ్లు ఎలా పుట్టారన్నది. ఆగస్టు ఎండలో వారం రోజుల పాటు 'రష్' అనే ఎంపిక నడుస్తుంది. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు ముస్తాబై సొరోరిటీల ఇల్లిల్లూ తిరుగుతారు. తలుపు తెరుచుకోగానే గుమ్మం నిండా ఒకరి మీద ఒకరు పేర్చినట్టు నిలబడ్డ అమ్మాయిలు చప్పట్లు కొడుతూ పాట అందుకుంటారు. మనకిది కొత్తేమీ కాదు, పెళ్లిచూపులే. కాకపోతే ఇక్కడ పాట పాడే బాధ్యత మగపెళ్లివారిది. నాలుగు నిమిషాలు ఒకరితో మాట, అంతలో ఇంకొకరు వచ్చి భుజం తడతారు. మాట్లాడకూడని అంశాలు ఐదున్నాయి: అబ్బాయిలు, మందు, మతం, డబ్బు, రాజకీయం. ఈ ఐదూ తీసేస్తే తెలుగువాడు మౌనవ్రతం పట్టాలి. ఈ పిల్లలు మాత్రం నవ్వు చెరగకుండా వారమంతా నెట్టుకొస్తారు. అలబామా విశ్వవిద్యాలయంలో ఈ తతంగం 2021లో టిక్‌టాక్‌కెక్కింది. ఇవాళ ఏ గౌను, ఏ చెవిపోగులు అని అమ్మాయిలు చెబుతుంటే ప్రపంచం గుడ్లప్పగించి చూసింది.

రాత్రిపూట లోపలివాళ్లు మార్కులు వేస్తారు. బయటివాళ్లు తమ ఇష్టాలు వరుసగా రాసిస్తారు. రెండూ కలిపి జతలు తేల్చేది కంప్యూటరు. ఆఖరి రోజు అలబామా పిల్లలు ఫుట్‌బాల్ స్టేడియంలో కవర్లు చింపి చూసుకుని, కేకలు పెడుతూ సొరోరిటీ వీధికి పరుగెడతారు. ఆ పరుగు చివర కావలించుకునేవాళ్లు జీవితాంతపు అక్కలు, సగం మంది పేర్లు ఇంకా తెలియవు. ఏ ఇంటికీ నచ్చని అమ్మాయికి కవరుండదు. ఓ పొద్దున్నే ఫోనొస్తుంది, ఇవాళ నువ్వు రానక్కర్లేదమ్మా అని.

తర్వాత చందాల సంగతి. పెద్ద విశ్వవిద్యాలయాల్లో సెమిస్టరుకి వేల డాలర్లు. డాలస్‌లో ఉండే మన తెలుగు తండ్రి ఒకాయన అడిగాడనుకోండి, ఎందుకమ్మా ఇంత ఖర్చని. "ఖర్చు కాదు డాడీ, నెట్‌వర్కింగ్." నాలుగేళ్లయ్యాక ఉద్యోగం వచ్చింది. "ఏ అక్క ఇప్పించిందమ్మా?" "కెరీర్ ఫెయిర్‌లో వచ్చింది డాడీ." ఇంకో విశేషముంది. పిలిచిన కార్యక్రమానికి రాకపోతే సొంత అక్క అలుగుతుంది, చాలా చాప్టర్లలో ఈ అక్కలు జరిమానా వేస్తారు. మహిళా సాధికారత గురించి బోర్డులు కట్టే ఈ పెద్ద సొరోరిటీల ఇళ్లలో మందు నిషిద్ధం. కాబట్టి పార్టీ కావాలంటే మగపిల్లల ఫ్రెటర్నిటీ ఇంటికే పోవాలి. సీసా వాళ్లది, గుమ్మం వాళ్లది, ఎవరిని రానివ్వాలో చెప్పేదీ వాళ్లే. సాధికారత ఆ పూటకి సెలవు తీసుకుంటుంది.

అసలు తమాషా చరిత్రలో ఉంది. 1870లో ఇండియానాలోని గ్రీన్‌కాజిల్‌లో, ఇప్పుడు డిపావ్ అంటున్న కాలేజీలో, బెట్టీ లాక్ అనే అమ్మాయి చదివేది. ఆడపిల్లలను చేర్చుకోవడం అక్కడ అప్పటికింకా కొత్త. ఒక మగపిల్లల సంఘం మా బ్యాడ్జి పెట్టుకో అందట. సభ్యత్వం ఇస్తే పెట్టుకుంటానంది ఆమె. అది కుదరదని, బదులుగా కేకులు పెట్టుకునే బుట్ట ఒకటి బహూకరించారని వాళ్ల కథ. ఒళ్లు మండిన బెట్టీ మరో ముగ్గురితో కలిసి కప్పా ఆల్ఫా తీటా పెట్టింది. అంటే, బయట నిలబెట్టారన్న కోపంతో పుట్టిన సంఘం ఇది. ఆ తర్వాత దానికి దొరికిన పనల్లా ఇంకెవరిని బయట నిలబెడదామా అని.

అలబామానే చూడండి. 1963 జూన్ 11న గవర్నర్ జార్జ్ వాలస్ ఫాస్టర్ ఆడిటోరియం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే నల్లజాతి విద్యార్థులు లోపలికి రాకూడదని. ఆ రోజే తప్పుకోక తప్పలేదు. 1965లో మలోన్ పట్టా పుచ్చుకుంది. గవర్నరు తప్పుకున్నాడు గానీ అక్కలు తప్పుకోలేదు. 2013 సెప్టెంబరులో విద్యార్థుల పత్రిక క్రిమ్సన్ వైట్ గుట్టు రట్టు చేసింది: చక్కటి మార్కులున్న ఒక నల్లజాతి అమ్మాయిని చాప్టర్ పిల్లలు కావాలన్నా పూర్వ సభ్యురాళ్లు అడ్డుపడ్డారని. దేశమంతా గొడవయ్యాకే ఎంపిక మళ్లీ తెరిచారు. జీవితాంతపు బంధమన్న నినాదం ఉత్త మాట కాదని నాకు రుజువైంది అక్కడే. ఎప్పుడో పట్టాలు పుచ్చుకుని వెళ్లినవాళ్లు కూడా గుమ్మం కాపలా మానలేదు మరి.

ఇలా బయట నిలబడ్డవాళ్లు ఏం చేశారు? హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి అమ్మాయిలు 1908లోనే ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. కమలా హారిస్ దానిలో సభ్యురాలే. దక్షిణాసియా అమ్మాయిలు 1998లో హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా పెట్టుకున్నారు. వాటిలోనూ చందా ఉంది, ఎంపిక ఉంది, రహస్య తంతులున్నాయి. దీన్ని చూసి మనం మరీ పడీపడీ నవ్వే పని లేదు లెండి. కార్తీకమాసం రాగానే ఏ కులానికి ఆ కులం వేరువేరు తోటల్లో వనభోజనాలు చేసే జాతి మనది, ఉసిరిచెట్టుకి మాత్రం తేడా తెలియదు.

స్నేహాలు అబద్ధమని నేననడం లేదు. జ్వరమొస్తే పక్క గదమ్మాయి మాత్రలు తెచ్చిస్తుంది, పరీక్ష తప్పితే కూర్చుని ఓదారుస్తుంది. ఏ హాస్టల్లోనైనా ఇది ఉచితం. దానికి గ్రీకు అక్షరాలు తగిలించి సెమిస్టరు లెక్కన అమ్మడమే విడ్డూరం.

అందుకని ఈ ఏడాది ఉత్తరం చదవబోయే సీనియరమ్మకి ఒక మనవి. మూడేళ్లు ఆ గుమ్మానికి లోపలి వైపు కూర్చుని మార్కులు వేశావు. చెప్పులు బాగాలేవనో, యాస బాగాలేదనో నువ్వు మార్కు తగ్గించిన ఒక్క పిల్ల గురించి ఒక్క వాక్యం రాయి తల్లీ. ఎలాగూ వెళ్లిపోతున్నావు, భయమేముంది?

రాయదు. ఓటింగు సంగతులు బయటపెట్టకూడదని నియమం. పెడితే క్రమశిక్షణ చూసే స్టాండర్డ్స్ బోర్డు ముందుకి పిలుస్తారు, ఆనక గ్రాడ్యుయేషన్ కండువా ఇవ్వరు, ఫోటోలకి డబ్బులు ముందే కట్టేసింది.